వర్జీనియా: పొగాకు నేలమీద తొలి శాసనసభ

వర్జీనియా అను పేరు తెలుగు రైతునకు క్రొత్తది కాదు. 1920 ప్రాంతమునుండి గుంటూరు సీమలోను, ఆపై ఒంగోలు, నెల్లూరు, గోదావరి ప్రాంతములలోను వ్యాపించిన ఒక తరగతి పొగాకును మనము ఆ పేరుతోనే పిలుచుచున్నాము. బ్యారనులో కాల్చిన ఆకునకు మంచి రంగు వచ్చినదా, వేలములో ధర పలికినదా అని మాటలాడుకొనునప్పుడు, ఆ పేరు ఒక సీమదని, ఆ సీమ ప్రభుత్వమును, సంఘమును, ఆస్తి పంపకమును ఆ ఆకే తీర్చిదిద్దెనని మనకు తట్టదు. ఈ ప్రసంగములో ఆ కథను చెప్పుకొందము.

ఒక జనము సముద్రము దాటి క్రొత్త నేలమీద కాపురము పెట్టినప్పుడు వారి రాజకీయము, ఆర్థిక జీవితము, సంఘపు కట్టుబాట్లు ఏ రీతిగా రూపొందును? స్వదేశమునుండి తెచ్చుకొనిన చట్టములు, మతము, ఆచారములే అక్కడను నిలిచిపోవునని మొదట తోచును. చరిత్రను చూచినచో సంగతి అంత తేలికగా లేదు. వచ్చినవారిని క్రొత్త నేల మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఇచ్చట పనిచేయువారెవరు? దానికి చెప్పుకొనిన సమాధానమునుబట్టి వ్యవసాయము, వ్యవసాయమునుబట్టి ఆస్తి, ఆస్తినిబట్టి ఓటుహక్కు ఏర్పడినవి. చివరకు ఎవరిని మనుష్యులుగా లెక్కింపవలెను, ఎవరిని సొత్తుగా లెక్కింపవలెను అను విషయము కూడ దానినిబట్టియే తేలినది. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువారి మొదటి స్థిరమైన వలసయగు వర్జీనియాలో ఇది స్పష్టముగా కనిపించును.

వర్జీనియా ఏ రాజు దండయాత్రవలనను పుట్టినది కాదు. దానిని స్థాపించినది లండను వర్తకుల వాటాల కంపెనీ. 1606లో మొదటి జేమ్సు రాజు ఇచ్చిన సన్నదుతో ఆ కంపెనీ ఏర్పడెను. కోశాధికారియై దాని వ్యవహారములను చాల యేండ్లు నడపిన సర్ థామస్ స్మైత్, 1600లో పుట్టిన ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరు కూడ. ఒకే పెద్ద వర్తకుని పర్యవేక్షణలో కొన్ని ఓడలు అమెరికాకును, కొన్ని ఆసియాకును సాగినవి. 1611లో ఈస్టిండియా కంపెనీవారు మన మచిలీపట్టణము చేరి కొఠీ పెట్టిరి. అచ్చట గోలకొండ సుల్తానుల ప్రభుత్వము, సుంకపు అధికారులు, నేతపనివారు, అద్దకపువారు, పేరుమోసిన వర్తకులు అందరును ముందే ఉండిరి. కనుక వచ్చినవారు కొనుగోలుదారులుగానే నిలువవలసి వచ్చెను. వర్జీనియాలోనో, కొనుటకు సిద్ధమైన సరకు లేదు. సరకును పండింపవలెను, పండించుటకు భూమిని తీసికొనవలెను, భూమిని సాగుచేయుటకు మనుష్యులను తేవలెను. ఆనాటి వర్తకపు కొఠీకిని, వలస సంఘమునకును గల భేదము ఇదియే.

1607 మే నెలలో మూడు ఓడలలో వచ్చిన సుమారు 104 మంది పురుషులు, బాలురు జేమ్సు నదిలో లంకవంటి ఒక చోట దిగి, జేమ్సుటౌను అను కోటను కట్టుకొనిరి. వారిలో స్త్రీ ఒక్కతెయు లేదు. శత్రువుల ఓడలనుండి కాపాడుకొనుటకు చోటు అనువైనదే కాని, చుట్టును బురద. త్రాగు నీరు ఉప్పన. వచ్చినవారిలో పెద్దమనుష్యుల బిడ్డలు ఎక్కువ, నాగలి పట్టినవారు తక్కువ. వారి ఆశ అంతయు బంగారముమీదనే. ఆ నేల నిర్జనమైనది కాదు. పౌహాటన్ అను నాయకుని క్రింద సుమారు 30 తెగలవారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొనుచు జీవించుచుండిరి. వలసవారు తొలి యేండ్లు బ్రతికినది వారి మొక్కజొన్నమీదనే. కొన్నాళ్లు కొని, కొన్నాళ్లు యాచించి, కొన్నాళ్లు దోచి.

వారు వచ్చిన కాలమును చెడ్డదే. ఆ ప్రాంతపు పాత సైప్రస్ వృక్షముల కాండములలోని వలయములను పరిశీలించి శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన దానినిబట్టి, 1606 మొదలు 1612 వరకు గడచిన ఏడేండ్లు సుమారు 770 యేండ్లలోకెల్ల మిక్కిలి అనావృష్టి గలవి. తమకే తిండి చాలని దినములలో తెగలవారిమీద అడుగువారు వచ్చి పడిరి. తగవులు ముదిరెను. 1609-10 చలికాలమున కోట ముట్టడిలో చిక్కుకొనెను. లోపలనున్న రెండు మూడు వందల మందిలో వసంతమునాటికి మిగిలినవారు 60 మంది. ఆకలి మనుష్యులను ఎంత దూరము కొనిపోయెనో, 2012లో ఆ కోట త్రవ్వకములలో దొరికిన సుమారు 14 యేండ్ల బాలిక కపాలముమీది కత్తిగాట్లు తెలుపుచున్నవి. 1610 జూనులో మిగిలినవారు కోటను విడిచి ఓడలెక్కిరి. నదిని దాటి సముద్రము చేరకముందే క్రొత్త గవర్నరు డెలావేర్ ప్రభువు ఓడలు ఎదురుపడుటచే వెనుకకు మరలిరి. ఆ కలయిక జరుగనిచో వర్జీనియా కథ అంతటితో ముగిసియుండెడిది.

అప్పటివరకు వాటాదారులకు చూపుటకు కంపెనీవద్ద లాభమేమియు లేదు. దానిని చూపినవాడు జాన్ రోల్ఫ్ అను వలసదారుడు. అచ్చటి తెగలవారు పండించు పొగాకు మిక్కిలి ఘాటైనది. ఇంగ్లండులో దానికి గిరాకి లేదు. 1612 ప్రాంతమున రోల్ఫ్ స్పానిషువారి వెస్టిండీసు రకపు విత్తనము తెప్పించి నాటెను. ఆ ఆకు మెత్తనిది, మంచి వాసన గలది. 1617లో సుమారు 20,000 పౌనుల ఆకు ఇంగ్లండు చేరెను. 1640 వచ్చునప్పటికి ఎగుమతి పది లక్షల పౌనులకు మించెను. జేమ్సు రాజు 1604లోనే పొగ త్రాగుటను నిందించుచు ఒక పుస్తకము ప్రకటించియుండెను. ఆ నింద పుస్తకములోనే ఉండిపోయెను. పొగాకుమీది సుంకము మాత్రము రాజుగారి ఖజానాకు చేరుచుండెను.

పొగాకు పండించు ఇంటివారికి దాని శ్రమను గూర్చి చెప్పనక్కరలేదు. నారు పోయుట, నాటుట, కలుపు తీయుట, పురుగు ఏరుట, తలలు త్రుంచుట, పిలకలు తీయుట, ఆకు కోసి ఆరగట్టుట: ఏడాది పొడుగునను చేతులకు విశ్రాంతి నీయని పైరు అది. అదికాక, మూడు నాలుగు పంటలకే అచ్చటి నేల సారము తగ్గిపోవుచుండెను. కనుక పొగాకు తోట యజమాని ఎప్పుడును రెండింటిని కోరుచుండెడివాడు: క్రొత్త నేల, క్రొత్త చేతులు. నేలకొరకు తెగలవారిమీదికి పోయెను. చేతులకొరకు మొదట ఇంగ్లండులోని పేదలను, తరువాత ఆఫ్రికావారిని పట్టుకొనెను.

1618లో కంపెనీ ఒక నియమము చేసెను. తన ఖర్చుతో ఒక మనిషిని వర్జీనియాకు చేర్చినవానికి తలకు 50 ఎకరముల చొప్పున భూమి ఇచ్చెదమనిరి. ఈ నియమములోని కిటుకు గమనింపదగినది. పనివానిని తెచ్చినవానికి పనివాడును దక్కును, భూమియు దక్కును. పనివాడు తన ఓడ బాడుగకు బదులుగా నాలుగు మొదలు ఏడేండ్లవరకు ఊడిగము చేయుదునని పత్రము వ్రాసి యిచ్చెడివాడు. యజమాని ఆ పత్రమును మరియొకనికి అమ్ముకొనవచ్చును. గడువు తీరకముందే జ్వరములతో పలువురు మరణించిరి. 17వ శతాబ్దిలో ఆ ప్రాంతమునకు వచ్చిన ఇంగ్లీషువారిలో నాలుగింట మూడు వంతులవరకు ఇట్టి ఒప్పందపు కూలీలేయని చరిత్రకారుల అంచనా.

ఇక 1619వ సంవత్సరమునకు వత్తము. జూలై 30వ తేదీన జేమ్సుటౌను చర్చిలో ఒక సభ కూడెను. గవర్నరు జార్జి యార్డ్‌లీ, ఆయన సలహాసంఘము, 11 స్థావరములనుండి ఎన్నికైన 22 మంది ప్రతినిధులు అందు కూర్చుండిరి. వేడిమి దుర్భరముగా ఉండెను. సభ నడచిన ఆరు దినములలోనే ఒక ప్రతినిధి మరణించెను. ఇంగ్లీషువారి అమెరికా వలసలలో ఎన్నికైన ప్రతినిధులు కూడి చట్టములు చేసిన మొదటి సభ ఇదియే. జూదమును, త్రాగుడును, సోమరితనమును అరికట్టుట, ప్రతివాడును తిండిగింజలు కూడ పండించునట్లు చేయుట, తెగలవారితో నడచుకొనవలసిన తీరు మొదలగునవి వారు చర్చించిరి. ముఖ్యముగా పొగాకు ధరను నిర్ణయించిరి: మేలు రకము పౌను 3 షిల్లింగులు, రెండవ రకము 18 పెన్నీలు. కంపెనీవారు ప్రజాస్వామ్యముమీది ప్రేమతో ఈ సభను ఏర్పరచలేదు. అంతకుముందు అమలులోనున్న కఠినమైన సైనిక శాసనముల క్రింద బ్రతుకుటకు మనుష్యులు ముందుకు రాకుండిరి. కొంత భూమియు, పాలనలో కొంత మాటయు ఇచ్చినగాని వచ్చువారు లేరు. పనిచేతుల కొరతయే ఆ సభ పుట్టుకకు ముఖ్య కారణమని చెప్పవచ్చును.

అదే సంవత్సరము ఆగస్టు చివర, అదే తీరమున పాయింట్ కంఫర్టు అను చోట 'వైట్ లయన్' అను ఓడ లంగరు వేసెను. అందు ఇరువదికి పైగా ఆఫ్రికనులుండిరి. వారు అంగోలా ప్రాంతమున పట్టుబడి, పోర్చుగీసు ఓడలో మెక్సికోకు కొనిపోబడుచు, నడుమ ఇంగ్లీషు ఓడ దోపిడిదారుల చేత చిక్కినవారు. తిండి సామగ్రి ఇచ్చి గవర్నరును, కంపెనీ వర్తకుడును వారిని కొనిరి. ఈ సంగతిని ఒక లేఖలో వ్రాసి మనకు మిగిల్చినవాడు, పొగాకు విత్తనము తెప్పించిన ఆ జాన్ రోల్ఫే.

ఆ సభయు, ఆ ఓడయు ఒకే వేసవిలో, ఒకే తీరమున, ఒకే అవసరమునకు సమాధానముగా వచ్చినవి. ఒకదానిని గర్వముగా చెప్పుకొని, రెండవదానిని ప్రక్కకు నెట్టుట చాల కాలము చరిత్ర గ్రంథముల అలవాటు. 2019లో నాలుగు వందల యేండ్లు నిండినప్పుడు వర్జీనియాలో రెండింటిని స్మరించిరి. ఇదియే న్యాయమని మేము తలంచుచున్నాము.

తమ పొలములు ఒక్కొక్కటిగా పొగాకు తోటలలో కలిసిపోవుచుండుట చూచి, తెగల నాయకుడు ఒపెచాంకనో 1622 మార్చి 22వ తేదీ ఉదయమున స్థావరములమీద ఒకేసారి దాడి చేయించెను. 347 మంది వలసవారు మరణించిరి. వలసవారు తెగల చేలను తగులబెట్టి, ఏండ్ల తరబడి ప్రతీకారము తీర్చుకొనిరి. 1624లో రాజు కంపెనీ సన్నదును రద్దు చేసి వర్జీనియాను తన పాలనలోనికి తీసికొనెను. కంపెనీ పోయెను కాని సభ పోలేదు. తన సమ్మతి లేనిదే గవర్నరు పన్ను వేయరాదని ఆ యేడే పట్టుబట్టెను. రాజు స్పష్టమైన అనుమతి లేకున్నను కూడుచు వచ్చి, 1639లో ఆ అనుమతిని సంపాదించుకొనెను. స్వపరిపాలన చరిత్రలో ఇది చిన్న విషయము కాదు.

ఆ సభయే మరియొక ప్రక్క ఏమి చేసెనో చూతము. ఆఫ్రికనుల స్థితి మొదట చట్టములో తేటగా లేదు. కొందరు విడుదల పొంది భూమి సంపాదించుకొనిరి. ఆంథొనీ జాన్సన్ అను ఆఫ్రికను 1651 నాటికి 250 ఎకరములకు యజమాని అయ్యెను. కాని త్రోవ నానాటికి ఇరుకగుచు వచ్చెను. 1640లో యజమానినుండి పారిపోయిన ముగ్గురు కూలీలు పట్టుబడిరి. ఇద్దరు ఐరోపావారికి గడువును నాలుగేసి యేండ్లు పొడిగించిరి. మూడవవాడగు జాన్ పంచ్ అను నల్లజాతివాడు బ్రతికినంత కాలము ఊడిగము చేయవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పెను. నేరము ఒకటే, శిక్షలు రెండు. 1662లో సభ ఒక చట్టము చేసెను. బిడ్డ స్వతంత్రుడా, దాసుడా అనునది తల్లి స్థితినిబట్టి నిర్ణయింపబడవలెనట. ఇంగ్లండులో బిడ్డకు తండ్రి స్థితి సంక్రమించుట ఆచారము. దానిని తలక్రిందులు చేయుటచే, దాసికి పుట్టిన బిడ్డ, తండ్రి యజమానియే అయినను, దాస్యములోనే ఉండిపోవును. 1667లో, బాప్తిస్మము పొందినంతమాత్రమున దాస్యము తొలగదని మరియొక చట్టము వచ్చెను. వీనిని చేసినవాడు ఏ నిరంకుశ ప్రభువో కాడు. ఎన్నికైన ప్రతినిధులు కూర్చుండి, చర్చించి చేసిన చట్టములివి.

తెల్లజాతి పేదలకును ఆ సభవలన మేలు కలుగలేదు. గడువు తీరిన కూలీలకు మంచి నేల మిగులలేదు. నదీతీరములన్నియు పెద్ద తోటలవారి చేతులలో చేరెను. పొగాకు ధర పడిపోయెను. 1670లో, భూమియు సొంత ఇల్లును లేనివారికి ఓటుహక్కు తీసివేసిరి. 1671లో గవర్నరు విలియం బర్క్‌లీ లండనుకు పంపిన నివేదికలో జనసంఖ్య సుమారు 40,000 అని, అందు నల్లజాతి దాసులు 2,000, ఒప్పందపు కూలీలు 6,000 అని తెలిపెను. తన సీమలో ఉచిత పాఠశాలలును, అచ్చుయంత్రములును లేనందుకు ఆయన దైవమునకు కృతజ్ఞత చెప్పుకొనినదియు ఆ నివేదికలోనే.

ఐదేండ్లు తిరుగునప్పటికి, 1676లో, నథానియల్ బేకన్ అను తోట యజమాని నాయకత్వమున తిరుగుబాటు చెలరేగెను. అది ఎల్లలలోని తెగలమీద యుద్ధము కావలెనను కోరికతో మొదలై, గవర్నరుమీదికి తిరిగెను. బేకన్ ఆదర్శపురుషుడు కాడు. మైత్రితోనున్న తెగలవారిని సైతము చంపించినవాడు. అయినను ఆయన పక్షమున తెల్ల కూలీలును, నల్ల దాసులును కలిసి ఆయుధము పట్టిరి. సెప్టెంబరులో జేమ్సుటౌను తగులబడెను. అక్టోబరులో బేకన్ రోగముతో మరణించెను. చిట్టచివరివరకు లొంగకుండ ఒక్క జట్టుగా నిలిచినవారు సుమారు 80 మంది నల్లవారు, 20 మంది ఇంగ్లీషువారు.

ఆ పిమ్మట పనిచేయువారి సంగతియే మారిపోయెను. ఇంగ్లండులో కూలిరేట్లు మెరుగగుటచే ఒప్పందమునకు వచ్చువారు తగ్గిరి. ఆఫ్రికానుండి నేరుగా వచ్చు దాసుల ఓడలు పెరిగెను. తిరుగుబాటువలన కలిగిన భయము కూడ ఈ మార్పును త్వరపెట్టెనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. 1705లో సభ దాస్యమునకు సంబంధించిన చట్టములను ఒకచోట కూర్చెను. గడువు తీరిన తెల్లజాతి కూలీకి ధాన్యము, డబ్బు, తుపాకి ఇచ్చి పంపవలెనని అప్పుడే విధించిరి. నల్లజాతి దాసులను స్థిరాస్తిగా పరిగణించినదియు అప్పుడే. పేద తెల్లవానికిని, పెద్ద తోటల దొరకును నడుమనున్న దూరము తగ్గలేదు. కాని ఇద్దరును ఒకే ప్రక్కవారమను భావము పేదవానికి కలిగెను. 18వ శతాబ్ది మధ్యమునకు వర్జీనియాలో నూటికి సుమారు నలుబదిమంది దాసులే.

ఇంగ్లీషు వలసలన్నియు ఈ త్రోవనే నడచినవా? ఉత్తరమున మసాచుసెట్సు వేరు త్రోవ పట్టెను. 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వమున ప్యూరిటను మతస్థులు కుటుంబములతో వచ్చిరి. చలిదేశము, రాతినేల, పెద్ద తోటల పంట అచ్చట సాగదు. కనుక చిన్న కమతములు, దగ్గర దగ్గరగా ఇండ్లు, నడుమ ప్రార్థనా మందిరము, ఊరి పనులను నిర్ణయించు గ్రామసభ ఏర్పడెను. 1636లో హార్వర్డు కళాశాల, మరి రెండేండ్లకు అచ్చుయంత్రము వచ్చెను. 50 కుటుంబములున్న ప్రతి యూరును చదువు చెప్పువానిని నియమింపవలెనని 1647లో చట్టము చేసిరి. బర్క్‌లీ కృతజ్ఞతతో దీనిని పోల్చినచో రెండు సీమలకు గల భేదము అర్థమగును.

ఐనను వారిని మెచ్చుకొని ఊరకుండుట తగదు. 1631నుండి అచ్చట ఓటు చర్చి సభ్యులకే పరిమితము. భిన్నాభిప్రాయము చెప్పిన రోజర్ విలియమ్సును, ఆన్ హచిన్సనును వెడలగొట్టిరి. 1641 నాటి వారి హక్కుల శాసనమే యుద్ధ ఖైదీలను, అమ్ముడైన పరదేశీయులను దాసులుగా ఉంచుకొనుటకు చోటిచ్చెను. వారి చేపలు, కలప, గుఱ్ఱములు బార్బడోసు మొదలగు చక్కెర ద్వీపములకు పోయెను. ఆ ద్వీపముల సంపద దాసుల చెమట. స్వయముగా దాసులనుంచుకొనని యింటికి కూడ ఆ లాభము చేరినది.

ఈ వృత్తాంతము మనకు దూరమైనదని అనుకొనరాదు. 1830 తరువాత బ్రిటిషు సామ్రాజ్యములో దాస్యము రద్దయినప్పుడు, చెరకు తోటల యజమానులు మరల పాత ప్రశ్ననే అడిగిరి: ఇక పనిచేయువారెవరు? ఈసారి వారు వెదకినది మన దేశమున. కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవులనుండి మారిషసునకును, 1860 మొదలు నేటాలునకును, ఆ పైని ఫిజీకిని తెలుగువారు ఓడలెక్కిరి. గడువు పత్రము, ఓడ ఖర్చు, తోట దొర, పారిపోయినచో శిక్ష: ఇవన్నియు వర్జీనియాలో రెండు వందల యేండ్లకు పూర్వమే అమలైన పద్ధతులు. ఈ ఒప్పందపు కూలీల ఎగుమతి 1917లోగాని ఆగలేదు. ఆ ద్వీపములలో నేటికిని తెలుగు ఇంటిపేర్లు వినిపించుచున్నవి.

జేమ్సుటౌను సభ పరంపరనుండియే జార్జి వాషింగ్టను, థామస్ జెఫర్సను వచ్చిరి. ఇద్దరును ఆ సభలో కూర్చుండినవారే. ఇద్దరును దాసుల యజమానులే. పన్నునకు మా సమ్మతి కావలెనని 1624లో అడిగిన వాదమే పెరిగి 1776 స్వాతంత్ర్య ప్రకటనకు దారితీసెను. అది గొప్ప వాదము. దానిని అడిగినవారి పొలములలో పనిచేయువారికి అది వర్తించుటకు మాత్రము 1865లో రాజ్యాంగ సవరణ రావలసి వచ్చెను. ఓటు పెట్టె చేరుటకు మరి నూరేండ్లు పట్టెను.

సభ ఉన్నంతమాత్రమున న్యాయమున్నదని చెప్పరాదని వర్జీనియా చరిత్ర నేర్పుచున్నది. సభ లేనిచోట న్యాయము మరింత దుర్లభమే. కాని ఏ దేశపు శాసనసభ చరిత్రను చదివినను మనము మూడు ప్రశ్నలు వేసికొనవలెను: అందు కూర్చుండినవారెవరు? వారిని ఎన్నుకొనినవారెవరు? ఆ ఇరువురకును అన్నము పండించుచు సభ వెలుపల నిలిచిపోయినవారెవరు? 1619 వేసవిలో ఆ మూడవ ప్రశ్నకు సమాధానము ఓడ దిగి తీరమున నిలిచియుండెను. ఆనాడు చర్చిలో కూర్చుండినవారు దానిని అడుగలేదు. ఓటు గల ప్రతి పౌరుడును నేడు దానిని అడుగవలసియున్నది.